మందులు, కొత్త కొలువు, విధి యోగ్యత: పులికాట్ తీరం

డాక్టరు రాసిన మందులు వాడుతూ కొత్తగా కొలువులో చేరే మనిషి, ఆ మందుల ప్రభావంలో ఉండి కూడా తన పనిని తనకూ పక్కవాళ్లకూ హాని లేకుండా చేయగలడా అని తేల్చడాన్ని విధి యోగ్యత నిర్ణయం అంటారు. రాతపరీక్ష, ఇంటర్వ్యూ దాటినవాళ్లకు మిగిలే చివరి గండం ఇదే. జనం వాడుకలో దీని పేరు 'మెడికల్'. అందులో పోయిన ఉద్యోగం గురించి ఇళ్లలో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

ఈ వ్యవహారంలో జబ్బు, మందు కలగలిసిపోయి ఉంటాయి. బీపీ ఉన్న మనిషికి బీపీ వల్ల వచ్చే ముప్పు ఒకటి, బీపీ బిళ్ల వల్ల వచ్చేది ఇంకొకటి, ఆ బిళ్ల ఉన్నట్టుండి మానేయడం వల్ల వచ్చేది మూడోది. మన మెడికల్ ఫారాలు మొదటిదాన్ని గట్టిగా అడుగుతాయి, రెండోదాన్ని అరకొరగా అడుగుతాయి, మూడోదాని ఊసే ఎత్తవు. కొన్ని జబ్బుల్లో ఆ మూడోదే అన్నిటికన్నా ప్రమాదం. ఉద్యోగం పోతుందన్న భయంతో మందు మానేసే ఒత్తిడి కొత్తగా చేరేవాళ్లకే ఎక్కువ.

సరస్సు చుట్టూ కొలువులు

పులికాట్ ఉప్పునీటి సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, మిగిలింది తమిళనాడులో ఉంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో ఇక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. ఊళ్లో అందరూ 'షార్' అనే అంటారు. సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా పోసిన కట్ట రోడ్డు మీదుగా ఉద్యోగుల బస్సులు అక్కడికి చేరతాయి. దక్షిణాన తడ, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల సరిహద్దులో 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉంది. కార్లు, మెట్రో రైలు పెట్టెలు, సెల్‌ఫోన్లు, చాక్లెట్లు అన్నీ అక్కడ తయారవుతాయి. ఉత్తరాన నాయుడుపేట సెజ్ ఉంది. చెన్నై–గూడూరు రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊళ్లన్నిటినీ కలుపుతూ పోతాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేవరకు ఈ నేలను నెల్లూరు, చిత్తూరు జిల్లాలు పంచుకునేవి.

ఇంత చిన్న చోట ఇన్ని రకాల పనులు ఉండడం వల్ల, ఒకే బిళ్ల ఒక గేటు దగ్గర ఏమీ కాదు, ఇంకో గేటు దగ్గర పెద్ద విషయం. షార్‌లో ఘన ఇంధనం తయారుచేసే చోట అమోనియం పెర్క్లోరేటు, అల్యూమినియం పొడి, హెచ్‌టీపీబీ అనే జిగురు కలుపుతారు. 2004 ఫిబ్రవరి 23న అక్కడి ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. అది మందుల కథ కాదు. అక్కడి పనిలో తప్పుకు చోటు ఎంత తక్కువో తెలియడానికే ఈ ప్రస్తావన. అదే ఆవరణలో గుమాస్తాలూ ఉంటారు, తోటమాలులూ ఉంటారు. నిద్రమాత్ర వేసుకునే గుమాస్తాకు ఉదయం కాస్త మందకొడిగా ఉంటే ఫైలు ఆలస్యమవుతుంది, అంతే.

పెర్క్లోరేటుది ఒక విచిత్రమైన చరిత్ర. రాకెట్‌కు ఆక్సిజన్ అందించే ఈ లవణ కుటుంబంలోని పొటాషియం పెర్క్లోరేటును 1950లలో డాక్టర్లు మందుగా రాసేవారు. అది థైరాయిడ్ గ్రంథిలోకి అయోడిన్ వెళ్లకుండా అడ్డుపడుతుంది కాబట్టి, ఆ గ్రంథి అతిగా పనిచేసే రోగులకు ఇచ్చేవారు. కొందరికి ఎముక మజ్జ దెబ్బతినడంతో 1960లలో ఆ వాడకం చాలావరకు తగ్గిపోయింది. అందువల్ల ఈ పొడి దగ్గర పనిచేయబోయే మనిషి థైరాయిడ్ బిళ్ల వాడుతున్నాడా అన్న ప్రశ్నకు నిజంగా అర్థం ఉంది. గ్రంథి పూర్తిగా పోయి బిళ్ల మీదే నడిచేవాళ్లకు దీంతో పెద్ద తేడా రాదు. సగం పనిచేసే గ్రంథి ఉన్నవాళ్లనే కనిపెట్టి చూడాలి. 'థైరాయిడ్ ఉందా?' అనే గడిలో టిక్కు పెడితే ఈ తేడా ఎక్కడా కనబడదు.

మందు, పని, వేళ

యోగ్యతను దెబ్బతీసే మందులు అనగానే అందరికీ మత్తు బిళ్లలే గుర్తొస్తాయి. నిజానికి పనిచేసే చోట ఎక్కువగా కనిపించేది జలుబు బిళ్ల. క్లోర్‌ఫెనిరమిన్, అవిల్ వంటి పాత తరం అలర్జీ మందులు మెదడులోకి తేలిగ్గా వెళ్లి తూగు తెస్తాయి. సెటిరిజిన్ కొందరికి తెస్తుంది, కొందరికి తేదు. ఫెక్సోఫెనడిన్ తెచ్చే తూగు చాలా తక్కువ. ముక్కు కారుతోందని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లను ఎవరూ 'మందులు వాడుతున్నాను' అనే లెక్కలో వేసుకోరు. కాబట్టి ఏ ఫారంలోనూ అది కనిపించదు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడికి మాత్రం ఆ పూట అదే ముఖ్యం.

ఆందోళనకూ నిద్రకూ రాసే అల్‌ప్రజోలం, క్లోనజెపాం, డయజెపాం విషయంలో చూడాల్సింది వేళ. డయజెపాం ఒంట్లోంచి సగం తగ్గడానికే ఒక రోజు పైన పడుతుంది, అది విరిగి ఏర్పడే పదార్థం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. రాత్రి పదకొండింటికి వేసుకుని తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కే మనిషి లేచి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, మత్తుగా ఉన్నట్టు తనకే అనిపించదు. స్పందించే వేగం మాత్రం తగ్గి ఉంటుంది. మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ, మోతాదు పెంచినప్పుడూ ఈ ప్రభావం ఎక్కువ. చేరిన తొలి నెలల్లోనే పని ప్రమాదాలు ఎక్కువని చాలా దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. కొత్త బిళ్ల, కొత్త యంత్రం ఒకేసారి వచ్చిపడిన మనిషి మీదే నిఘా ఎక్కువ ఉండాలి. ఏళ్ల తరబడి ఒకే మోతాదులో అదే మందు వాడుతూ నిలకడగా ఉన్న మనిషి అంత ఆందోళన పడాల్సిన కేసు కాదు.

షుగర్ బిళ్లలన్నీ ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లైమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్ పడేయగలవు, అందులోనూ తిండి వేళ తప్పితే. రాత్రి షిఫ్టులో తిండి వేళ తప్పకుండా తప్పుతుంది. పగటి ఉద్యోగానికి సరిపోయేలా రాసిన చీటీని రాత్రి షిఫ్టుకు అలాగే వాడితే తెల్లవారుజామున చెమటలు, చేతుల వణుకు, తికమక వస్తాయి. చూసేవాళ్లు తాగాడేమో అనుకుంటారు. ఇక్కడ మనిషిని అన్‌ఫిట్ చేయాల్సిన పని లేదు. షిఫ్టు మార్చినా చాలు, మందు మార్చినా చాలు.

కంటికి సంబంధించిన ఒక విషయం వైద్యులు కూడా కొన్నిసార్లు మరచిపోతారు. మన దేశంలో క్షయకు ఇచ్చే ప్రామాణిక చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు. రెండు దశల్లోనూ ఇథాంబ్యుటాల్ ఉంటుంది. కొద్దిమందిలో అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట పోయేది ఎరుపు, ఆకుపచ్చ తేడా. చుక్కల బొమ్మల్లో అంకెలు చదివించే ఇషిహారా పరీక్షను చేరేరోజున దాటేసిన ఎలక్ట్రీషియనో క్రేన్ ఆపరేటరో మరుసటి ఏడాది క్షయ మందులు మొదలుపెడితే, ఆ పరీక్ష ఫలితం కాగితం మీదే మిగులుతుంది. మందు ఆపితే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. అందుకు త్వరగా గుర్తించాలి. క్షయ ఉందని చెబితే పక్కన ఎవరూ కూర్చోరన్న భయం ఉన్నచోట త్వరగా గుర్తించడం జరగదు.

ఈ తీరంలో ఎండకు ఉక్కపోత తోడవుతుంది. ఒంట్లోంచి నీరు తీసే బీపీ బిళ్లలు వాడేవాళ్లు మే నెలలో షెడ్డు కింద వెల్డింగ్ చేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మానసిక వైద్యంలో చేతుల వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమట పట్టనివ్వదు, దాంతో వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. లిథియం వాడేవాళ్లకు ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు విషస్థాయికి చేరుతుంది. ఏసీ గదిలో కూర్చునే మనిషికి ఇవేవీ పట్టవు. రక్తాన్ని పలచబరిచే ఎసిట్రోమ్ వాడే మనిషికి వేడి అడ్డం కాదు, రేకులు కోసే యంత్రం అడ్డం.

శ్రీసిటీ లైన్ల మీద నిలబడి పనిచేసేవాళ్లలో యువతులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. నెలసరి నొప్పికి ఎక్కువమందికి తెలిసిన బిళ్ల మెఫ్తాల్ స్పాస్. అందులో మెఫెనమిక్ యాసిడ్‌తో పాటు డైసైక్లోమిన్ ఉంటుంది. ఈ రెండోది కొందరికి చూపు మసకబారేలా, నోరు ఎండేలా, తూగు వచ్చేలా చేస్తుంది. సెల్‌ఫోన్ బోర్డు మీద ఆవగింజంత భాగాన్ని చూసి అమర్చే పనిలో మసక చూపు చిన్న విషయం కాదు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ గురించి 2023 చివర్లో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది. పత్రికల్లో అదే పెద్దగా వచ్చింది. నెలనెలా జరిగే మసక చూపు గురించి పెద్దగా ఎవరూ రాయలేదు.

మందుకూ ఫ్యాక్టరీ గాలికీ పొంతన కుదరని సందర్భాలూ ఉన్నాయి. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరాం ఇందుకు మంచి ఉదాహరణ. రబ్బరు పరిశ్రమలో దానికి దగ్గరి రసాయనాలు తగిలిన కార్మికులకు మద్యం పడడం లేదని 1937లో అమెరికాలో ఒక ఫ్యాక్టరీ డాక్టరు గమనించి రాశాడు. ఆ మందు వాడే మనిషిని ఆల్కహాలు ద్రావణాలతో తుడిచే, కడిగే విభాగంలో వేస్తే, చుక్క తాగకుండానే ముఖం ఎర్రబడి గుండె దడ రావచ్చు. తాగుడు మానాలని తంటాలు పడుతున్న మనిషికి ఇంతకన్నా అన్యాయమైన పోస్టింగ్ ఉండదు.

చీటీ, స్ట్రిప్పు, షెడ్యూలు

మందుల అమ్మకాన్ని 1945 నాటి ఔషధ, సౌందర్య సాధనాల నియమావళి షెడ్యూళ్లుగా విడదీసింది. హెచ్ షెడ్యూల్ మందులు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1లో అల్‌ప్రజోలం, డయజెపాం, జోల్పిడెం, ట్రమడాల్‌తో పాటు క్షయ మందులు, కొన్ని యాంటీబయాటిక్స్ ఉన్నాయి. వీటిని ఎవరు రాశారు, ఎవరికి అమ్మారు అన్నది షాపువాళ్లు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఎక్స్ షెడ్యూల్ మరీ గట్టిది, చీటీ ప్రతి ఒకటి షాపులోనే ఉండాలి.

ఈ నియమాలన్నీ మందు ఎవరి చేతికి వెళ్లిందో చెబుతాయి. వేసుకున్న మనిషి యంత్రం ముందు నిలబడవచ్చా అన్నది స్ట్రిప్పు వెనక ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అదీ మొత్తం స్ట్రిప్పు కొన్నవాళ్లకే. నాలుగు బిళ్లలు చాలంటే షాపబ్బాయి కత్తెరతో ముక్క కోసి, చిన్న కాగితపు కవరులో వేసి, దాని మీద పెన్నుతో పొద్దున్న ఒక గీత, రాత్రి ఒక గీత పెట్టి ఇస్తాడు. ఆ ముక్క మీద మందు పేరు సగం, హెచ్చరిక ఇంకో సగం తెగిపోయి ఉంటాయి. చేరిన రోజున 'ఏం బిళ్లలు వాడుతున్నావమ్మా?' అని ఫ్యాక్టరీ నర్సు అడిగితే 'తెల్లవి, చిన్నవి' అనే జవాబు రావడంలో ఆశ్చర్యం లేదు. ఫ్రాన్సులో 2005 నుంచి మందుల పెట్టెల మీద కారు బొమ్మ ఉన్న త్రికోణం వేస్తున్నారు. పసుపు అయితే జాగ్రత్త, నారింజ అయితే డాక్టరును అడుగు, ఎరుపు అయితే నడపొద్దు. చదువుతో పని లేని ఆ పద్ధతి మనకు ఇంకా రాలేదు.

అడగవచ్చా, తీసేయవచ్చా

1948 ఫ్యాక్టరీల చట్టంలో భోపాల్ విషాదం తర్వాత, 1987లో, 41సి సెక్షన్ చేరింది. ప్రమాదకర ప్రక్రియలో పెట్టేముందు, పెట్టిన తర్వాత పన్నెండు నెలలు మించకుండా, ఆ పని మానేశాక కూడా కార్మికుడికి వైద్య పరీక్ష చేయించాలని, ఆరోగ్య రికార్డు కార్మికుడికి చూపించాలని అది చెప్పింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో ఆ చట్టం స్థానంలోకి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. పరీక్ష బాధ్యత యజమానిదే అన్న సూత్రం పాతదీ కొత్తదీ రెండింటిలోనూ ఉంది. వాడుతున్న మందులను ఎలా తూచాలన్నది రెండింటిలోనూ డాక్టరుకే వదిలేశారు.

డ్రైవర్ల సంగతి మోటారు వాహనాల చట్టం చూస్తుంది. లైసెన్సుకు ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా, ఉన్నట్టుండి స్పృహ తప్పుతుందా, రేచీకటి ఉందా అని వరుసగా అడుగుతారు. మందుల గురించి నేరుగా అడిగే ప్రశ్న లేదు. 185వ సెక్షన్ వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరమని కచ్చితంగా చెబుతుంది. మందుల మత్తుకు అలాంటి అంకె ఏదీ లేదు, బండిని అదుపులో పెట్టుకోలేని స్థితి అని మాత్రమే ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 మార్చి నుంచి డయజెపాం, క్లోనజెపాం, మార్ఫిన్ వంటి మందులకు రక్తంలో పరిమితులు పెట్టారు. డాక్టరు చెప్పినట్టే వాడి, నడపగల స్థితిలో ఉన్నవాళ్లకు చట్టంలోనే రక్షణ కూడా ఇచ్చారు. అలిపిరి నుంచి తిరుమలకు 1944లో తెరిచిన ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవరును డిపోలో శ్వాస పరీక్ష యంత్రంలోకి ఊదమంటారు. ఆ యంత్రం సారాను పట్టుకుంటుంది, అల్‌ప్రజోలంను పట్టుకోదు. పైగా ద్రాక్షాసవం తాగి వచ్చినవాడినీ పట్టుకోవచ్చు, ఎందుకంటే ఆసవాలు, అరిష్టాల్లో పులిసి పుట్టిన ఆల్కహాలు ఉంటుంది.

కోర్టులు ఈ విషయంలో మెల్లగా ఒక దారి వేశాయి. 1991లో ఒక ఎల్ఐసీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిని చేరేటప్పుడు ఇచ్చిన ఆరోగ్య ప్రకటన తప్పని ఆమెను తీసేశారు. ఆ ఫారంలో నెలసరి, గర్భం గురించి అడిగిన ప్రశ్నలు ఆడవాళ్ల గౌరవానికి భంగమని కోర్టు తప్పుపట్టి, ఆ గడులు తీసేయమంది. ఆరోగ్య ఫారంలో ఏదైనా అడగవచ్చన్న ధీమాకు అది పెద్ద దెబ్బ. 1997లో బొంబాయి హైకోర్టు, పని చేయగలిగిన మనిషిని హెచ్ఐవీ ఉందన్న ఒక్క కారణంతో తోసేయకూడదంది. 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం ఉద్యోగానికి ఆ పరీక్షను షరతుగా పెట్టడాన్నే నిషేధించింది. ఈ లెక్కన హెచ్ఐవీకి ఏఆర్‌టీ బిళ్లలు వాడే మనిషి ఆ సంగతి గేటు దగ్గర చెప్పి తీరాల్సిన అవసరం లేదు. కానీ వాటిలో ఒకటైన ఎఫవిరెంజ్ తొలి వారాల్లో తలతిరుగుడు, పీడకలలు తెస్తుంది. గోప్యత హక్కుకూ క్రేను కింద నిలబడ్డవాళ్ల భద్రతకూ మధ్య దారి వెతకాల్సింది ఇలాంటి చోటే. జబ్బు పేరు అడగకుండా, 'తల తిరిగే, నిద్ర వచ్చే, చూపు మసకబారే మందు ఏదైనా వాడుతున్నారా?' అని అడిగితే పని జరుగుతుంది.

వర్ణాంధత్వం ఉందని తీసేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు వేరే పోస్టు ఇవ్వాలని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ కూడా సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకుండా వేరే పనికి మార్చమంటుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఈ రక్షణ లోపల ఉన్నవాళ్లకు గట్టిగా, గుమ్మంలో ఉన్నవాళ్లకు పలచగా అందుతుంది. పదేళ్ల సర్వీసున్న డ్రైవరుకు కొత్తగా మూర్ఛ వస్తే స్టోర్స్‌లో వేస్తారు. నిన్న చేరడానికి వచ్చినవాడు మూర్ఛ మందులు వాడుతున్నానంటే ఇంటికి పంపేస్తారు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం ఈ గుమ్మాన్నే రెండుగా చీల్చింది. ఉద్యోగం ఇస్తున్నామని చెప్పేవరకు మందుల గురించి అడగకూడదు. చెప్పిన తర్వాత ఆ ఉద్యోగంలో చేరేవాళ్లందరినీ ఒకేలా అడగవచ్చు. ఆ జవాబు చూసి ఉద్యోగం వెనక్కి తీసుకుంటే, ఆ పని ఎందుకు చేయలేడో యజమాని చూపించాలి.

గసగసాల కూర

తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో దిగే విమానాల పైలట్లకు, అక్కడ విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ సిబ్బందికి నియమాలు ఇంకా బిగువు. 2022 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చిన, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం కొత్తగా తీసుకునేవాళ్లకు ముందే మూత్ర పరీక్ష జరగాలి. అందులో గంజాయి, కొకైన్‌తో పాటు నల్లమందు జాతి ఓపియేట్లు, బార్బిట్యురేట్లు, డయజెపాం జాతి బెంజోడయజెపైన్లు వెతుకుతారు. చివరి మూడు రకాలూ డాక్టర్లు రాసే మందుల్లో ఉన్నవే. అందుకే తొలి పరీక్షలో పాజిటివ్ రాగానే మనిషిని దోషి అనడానికి లేదు. నిర్ధారణ పరీక్ష చేయించాలి, చీటీ చూడాలి.

మన వంటింటికి ఇందులో నేరుగా సంబంధం ఉంది. రాయలసీమ మాంసం కూరలో గసగసాల ముద్ద లేనిదే చిక్కదనం రాదు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు, వాటికి అంటుకున్న మార్ఫిన్ మూత్రంలో కనిపిస్తుంది. ఇలా అమాయకులు దొరికిపోతున్నారనే అమెరికాలో ప్రభుత్వ పరీక్షల్లో ఓపియేట్ల కొలతను 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచారు. పలు గల్ఫ్ దేశాల్లో గింజలే నిషేధం. రాజంపేట, రాయచోటి, పీలేరు వైపు నుంచి కువైట్‌కు పోయేవాళ్లు గల్ఫ్ మెడికల్ దాటడానికి ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షల గురించే బెంగపడతారు. పెట్టెలో అమ్మ సర్దిన మసాలా పొట్లం, నడుము నొప్పికి వాడే ట్రమడాల్ స్ట్రిప్పు అక్కడి ఎయిర్‌పోర్టులో అంతకన్నా పెద్ద ఆపద కాగలవని చెప్పే ఏజెంట్లు తక్కువ. ట్రమడాల్‌ను మన దేశం కూడా 2018లో మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది.

తెలంగాణలో కల్లులో అల్‌ప్రజోలం, డయజెపాం కలిపే కల్తీ ఇంకో రకం సమస్య. తాగినవాడు కల్లు తాగాననే అనుకుంటాడు, మూత్రంలో బెంజోడయజెపైన్ కనిపిస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క వింతగా ప్రవర్తించి ఆసుపత్రుల పాలైనవాళ్ల వార్తలు, మందు హఠాత్తుగా ఆగితే ఏమవుతుందో ఊళ్ల స్థాయిలో చూపించాయి.

దాపరికం

మెడికల్ ముందు రోజుల్లో జరిగే పనులు కొన్ని అందరికీ తెలిసినవే. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడే కుర్రాడు రక్తంలో కనబడుతుందేమోనని వారం ముందు మానేస్తాడు. సాధారణ రక్త పరీక్షల్లో అది కనబడదు, మానేసినందుకు ఆగకుండా ఫిట్స్ రావచ్చు. గుండె దడకు ప్రొప్రనొలాల్ వాడే అమ్మాయి ఒక్కసారిగా ఆపితే దడ రెట్టింపై, బీపీ పెరిగి, ఏ కారణంతో అన్‌ఫిట్ అవుతానని భయపడిందో దానితోనే అవుతుంది. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి భయంతో బీపీ నూటయాభై చూపిస్తుంది, 'తగ్గించుకుని రా' అంటారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళితే ఒక బీపీ బిళ్ల, దానితో పాటు నిద్ర పట్టడానికి ఇంకోటి ఇస్తాడు. లేని జబ్బుకు మందు మొదలై, అతని తొలి షిఫ్టు ఆ రెండు బిళ్లల మీద నడుస్తుంది. బీపీని కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడాలని, వేరే రోజున ఇంకోసారి చూడాలని వైద్య పుస్తకాలన్నీ చెబుతాయి. క్యూలో వందమంది ఉన్నప్పుడు ఆ ఓపిక ఉండదు.

మూర్ఛ విషయంలో చట్టమే దాపరికాన్ని పెంచుతోందనాలి. ఫారం 1లో 'ఉంది' అని రాసినవాడికి దారి మూసుకుపోతుంది, పదేళ్లుగా ఒక్క ఫిట్టూ రాకపోయినా సరే. బ్రిటన్‌లో ఏడాది పాటు ఫిట్స్ లేకుంటే కారు నడపవచ్చు. బస్సు, లారీలకు మందులు లేకుండా పదేళ్లు గడవాలి. కఠినమే కానీ గడువంటూ ఉంది, గడువు ఉన్నచోట నిజం చెప్పినవాడికి ఎదురుచూడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

డబ్బు లెక్క ఇంకోటి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కార్మికుడికి ఈఎస్ఐ వర్తిస్తుంది. చేరిన రోజు నుంచే వైద్యం ఉచితం. జబ్బు సెలవులో జీతంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల దాకా ఇచ్చే సాయానికి మాత్రం కొత్త ఉద్యోగి చేరిన తొమ్మిది నెలలకు గానీ అర్హుడు కాడు. డాక్టరు కొత్త మందు రాసి 'రెండు వారాలు యంత్రం దగ్గరికి పోవద్దు' అంటే, పాతవాడికి ఏదో ఒక ఆధారం ఉంటుంది, కొత్తవాడికి జీతం కోతే. సెలవు పెడితే కాంట్రాక్టరు ఇంకొకరిని తెచ్చుకుంటాడన్న భయం దీనికి తోడు. దాంతో చీటీ జేబులో పెట్టుకుని, బిళ్ల వేసుకుని, లైన్ మీదికి వెళ్లిపోతాడు. ఆ తొమ్మిది నెలల్లో మందు వల్ల పని మార్చాల్సి వచ్చినవాళ్లకు జీతం తగ్గకుండా వేరే సీటు ఇచ్చే యాజమాన్యాల చోట ఫారాల్లో జవాబులు నిజాయితీగా ఉంటాయి. మిగతా చోట్ల అన్ని గడుల్లోనూ 'లేదు' అనే ఉంటుంది.

గేటు లేని పని

శ్రీహరికోటలోని యానాదులకూ, సరస్సు ఒడ్డు పల్లెల మత్స్యకారులకూ వలలు వేసే పనిలో మెడికల్ ఉండదు. పిల్లల తరం షార్‌లో కాంట్రాక్టు పనికో శ్రీసిటీకో వెళ్లినప్పుడే తొలిసారి ఎవరో వాళ్ల బీపీ చూస్తారు. పడవ మీద మందు చేసే చేటు వేరే రకంగా ఉంటుంది. వానల తర్వాత తిరుపతి ఆసుపత్రులకు తరచు వచ్చే స్క్రబ్ టైఫస్‌కు ఇచ్చే డాక్సీసైక్లిన్ చర్మాన్ని ఎండకు ఓర్వలేకుండా చేస్తుంది. నీటి మీద పడి తిరిగి ముఖానికి కొట్టే ఎండలో రోజంతా ఉండే మనిషికి బొబ్బలెక్కుతాయి, జ్వరం తగ్గినా పనికి పోలేడు. అదే జ్వరానికి అజిత్రోమైసిన్ ప్రత్యామ్నాయంగా ఉంది, దానితో ఈ ఎండ బాధ చాలా తక్కువ. రోగి ఏం పని చేస్తాడని డాక్టరు అడిగి రాస్తే చీటీ మారుతుంది. అడగకపోతే, ఐదో రోజు మందు మధ్యలో ఆపేసి పడవెక్కుతాడు.